1/72 జీరో మోడల్ తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ నౌకాదళ ఫైటర్ మిత్సుబిషి ఎ6ఎం2 జీరోను 1/72 స్కేలు ప్లాస్టిక్ కిట్‌తో చేసేవాళ్ళ కోసం ఈ పేజీ. జిగురు సీసా తెరిచే ముందే ఒక పని చేయండి. ఏ ఓడ మీది, ఏ కాలంలో ఎగిరిన విమానం చేస్తున్నారో తేల్చుకోండి. అది తేలితే రంగు, గుర్తులు, మరకలు, రెక్కల కొసలు అన్నిటికీ జవాబు దొరికినట్టే. కింద చాలా జవాబుల్లో ఈ మాట మళ్ళీ వస్తుంది.

1/72 అంటే పూర్తయ్యాక ఎంత ఉంటుంది?

అసలు విమానం రెక్కల వెడల్పు 12 మీటర్లు, పొడవు 9 మీటర్ల పైచిలుకు. మోడల్లో రెక్కలు సుమారు 167 మిల్లీమీటర్లు, పొడవు 126 మిల్లీమీటర్లు వస్తాయి. ఈ స్కేలులో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఉంటాడు. మోడల్ మీద ఒక మిల్లీమీటరు అసలు విమానం మీద 72 మిల్లీమీటర్లకు సమానం. డిటైలింగ్ చేసేటప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది.

పెట్టెల మీద మోడల్ 21, 32, 52 అని ఉంటుంది. తేడా ఏమిటి?

మొదటి అంకె బాడీ రకాన్ని, రెండోది ఇంజన్ రకాన్ని చెబుతాయి. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీదికి, 1942లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) మీదికి, ఆ తర్వాత పసిఫిక్‌లోని మిడ్వే దీవికి వెళ్ళినవి మోడల్ 21లు. వాటి రెక్కల కొసలు గుండ్రంగా ఉంటాయి. ఒక్కో కొసను అర మీటరు మేర పైకి మడవవచ్చు. ఇంజన్ 940 హార్స్‌పవర్ సకాయె 12. మోడల్ 32కి ఆ మడిచే ముక్కలు తీసేసి కొసలు చదరంగా చేశారు, వెడల్పు 11 మీటర్లకు తగ్గింది. మోడల్ 52 కూడా 11 మీటర్లే కానీ కొసలు మళ్ళీ గుండ్రం, ఎగ్జాస్ట్ గొట్టాలు విడివిడిగా బయటికి పొడుచుకు వస్తాయి.

52 కిట్ కొని దానికి పెర్ల్ హార్బర్ గుర్తులు అంటించవద్దు. 52 వచ్చింది 1943లో.

విశాఖపట్నం మీద బాంబులు వేసింది జీరోలేనా? ఆ విమానం చేయాలనుంది.

జీరోలు కావు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద దాడి చేసినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన నకజిమా బి5ఎన్ బాంబర్లు. అది ముగ్గురు కూర్చునే పొడవాటి విమానం. విశాఖ దాడిని చూపించాలనుకుంటే ఆ కిట్ తీసుకోండి, 1/72లో దొరుకుతుంది.

జీరోలు అదే వారంలో సిలోన్ మీదికి వచ్చాయి. 5వ తేదీన కొలంబో, 9న ట్రింకోమలీ. అవి అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు నౌకలవి. మన తీరానికి అంత దగ్గరగా ఎగిరిన జీరో కావాలంటే ఈ ఐదు ఓడల గుర్తుల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

ఇంకో దారి కూడా ఉంది, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. విశాఖ దాడి జరిగిన రెండు నెలలకు ర్యూజో అలాస్కా వైపు వెళ్ళింది. 1942 జూన్ 4న డచ్ హార్బర్ మీద దాడిలో తదయోషి కోగా అనే పైలట్ నడుపుతున్న జీరోకి కింది నుంచి తూటా తగిలి ఆయిల్ పైపు తెగింది. అకుటాన్ దీవిలో పచ్చిక మైదానంలా కనిపించినచోట దిగబోయాడు. అది బురద నేల. చక్రాలు కూరుకుపోయి విమానం తిరగబడింది, కోగా అక్కడే చనిపోయాడు. విమానం మాత్రం పెద్దగా చెడలేదు. జూలైలో ఒక అమెరికన్ గస్తీ విమానం కంటపడితే శాన్ డియెగో తీసుకెళ్ళి బాగుచేసి సెప్టెంబర్‌లో ఎగరేశారు. వేగం పెరిగితే ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్కల వెనకంచు పలకలు) బిగుసుకుపోతాయని, ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే కార్బ్యురేటర్ కారణంగా ఇంజన్ తడబడుతుందని అమెరికన్లు స్వయంగా నడిపి చూసి నిర్ధారించుకున్నారు. ఈ విమానం తోక మీది గుర్తు డిఐ-108. 1942 ఫిబ్రవరిలో మిత్సుబిషి కట్టింది. మన తీరం మీద దాడికి వచ్చిన ఓడదే కాబట్టి తెలుగువాళ్ళు చేసే జీరోకి ఇంతకంటే తగిన విమానం నాకు తోచదు.

ఏ కిట్ కొనాలి?

1/72లో మోడల్ 21కి నా మొదటి మాట తమియా. భాగాలు కచ్చితంగా అతుకుతాయి, ఉపరితలం మీద గీతలు సన్నగా ఉంటాయి. తక్కువ ఖర్చులో నేర్చుకోవాలంటే ఎయిర్‌ఫిక్స్ బాగుంటుంది. దాని గీతలు కొంచెం లోతుగా, వెడల్పుగా ఉంటాయి, అంతే. రెండూ 2010 తర్వాత కొత్తగా చేసిన అచ్చులు. హసెగావాది అంతకంటే పాతది, అయినా ఆకారం చక్కగా ఉంటుంది.

పాత అచ్చులు కొత్త పెట్టెల్లో వస్తుంటాయి కాబట్టి కొనే ముందు లోపలి ఫోటోలు చూడండి. రెక్కల మీద గీతలు, రివెట్లు పైకి ఉబ్బి కనిపిస్తే అది పాత అచ్చే. జీరోకి రివెట్ల తలలు రేకులోకి అణిగి ఉండేవి, గాలి ఒరిపిడి తగ్గించడానికే అలా చేశారు. ఉబ్బిన రివెట్లున్న జీరో చూడగానే తప్పనిపిస్తుంది.

పనిముట్లు ఏం కావాలి?

మంచి సైడ్ కటర్, సన్న మొన ఉన్న హాబీ కత్తి, పట్టకారు, 400 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్, మాస్కింగ్ టేప్. వాటర్ పేపర్ కార్ల పెయింట్ సామాను అమ్మే షాపుల్లో హాబీ షాపుకన్నా చవక. మిగతావి అవసరం పడినప్పుడు కొనుక్కోండి. కటర్ దగ్గర మాత్రం డబ్బుకి వెనకాడవద్దు. ఎలక్ట్రీషియన్ కటర్‌తో కత్తిరిస్తే సన్న భాగాలు విరుగుతాయి.

కాక్‌పిట్‌లో ఎంత డిటైల్ పెట్టాలి?

కానపీ (పైలట్ మీది అద్దాల కప్పు) మూసి ఉంచేటట్లయితే సీటు, బెల్టులు, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే బొమ్మ) చాలు. ఫ్రేములు చాలా ఉన్న కానపీ అది, లోపలికి చూపు పెద్దగా వెళ్ళదు. తెరిచి ఉంచితేనే మిగతా శ్రమ కనిపిస్తుంది.

తెరిచి ఉంచేవాళ్ళు సీటు మీద దృష్టి పెట్టండి. బరువు తగ్గించడానికి జీరో సీటుకి గుండ్రటి రంధ్రాలు వేశారు. కిట్ సీటు మందంగా ఉంటుంది కాబట్టి అంచుల్ని లోపలి వైపు నుంచి గీకి పల్చన చేసి, సన్న డ్రిల్ బిట్‌తో రంధ్రాలు వేయండి. ఈ ఒక్క పనితో కాక్‌పిట్ మొత్తం మారిపోతుంది. బెల్టులకు మాస్కింగ్ టేప్ సన్న పట్టీలు సరిపోతాయి. పల్చటి లోహపు రేకుతో చేసిన రెడీమేడ్ ఎచింగ్ బెల్టులు అందంగానే ఉంటాయి కానీ ఈ సైజులో వాటిని మడిచి అంటించడం అనుభవం ఉన్నవాళ్ళ పని. సీటు వెనక రేడియో దిక్కు చూసే రింగ్ ఆంటెన్నా ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. మూసిన కానపీలోంచి కూడా కనిపిస్తుంది.

మిత్సుబిషి కట్టిన విమానాల కాక్‌పిట్ ఆకుపచ్చ, నకజిమా కట్టినవాటి ఆకుపచ్చ ఒకటి కావు. మిస్టర్ కలర్ రంగుల్లో 126 మిత్సుబిషిది, 127 నకజిమాది. తమియాలో ఎక్స్ఎఫ్-71 ఉంది. డిఐ-108 మిత్సుబిషి విమానం కాబట్టి 126 వైపు వెళ్ళండి. లోపలి లోహ భాగాలకు తుప్పు పట్టకుండా వేసిన నీలి ఆకుపచ్చ పారదర్శక పూతను అవోటాకె అంటారు. ముందు వెండి రంగు వేసి, పైన క్లియర్ బ్లూ, క్లియర్ గ్రీన్ కలిపి పల్చగా వేస్తే లోహపు మెరుపు కిందనుంచి కనిపిస్తుంది. ఎక్కడెక్కడ వేయాలో కిట్ సూచనలు చూపిస్తాయి.

ఇంజన్ కోసం విడిగా ఏమైనా కొనాలా?

అక్కర్లేదు. సకాయె రెండు వరుసల్లో 14 సిలిండర్ల ఇంజన్. కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) లోపలికి ఇరుక్కుని ఉంటుంది, ముందు వరుస మాత్రమే కనిపిస్తుంది. ముదురు లోహపు రంగు వేసి, నల్లటి వాష్ (బాగా పల్చన చేసిన రంగు) పారించి, రెక్కల్లాంటి సిలిండర్ అంచుల మీద పొడి బ్రష్‌తో వెండి రంగు తడిమితే చాలు. సన్న రాగి తీగతో స్పార్క్ ప్లగ్ వైర్లు పెడితే ఇంకా ముచ్చటగా ఉంటుంది.

అతుకుల దగ్గర సందు మిగులుతోంది. లప్పం పెట్టనా?

గోడ లప్పం వద్దు, ఎండాక పెళుసుగా ఊడిపోతుంది. మోడల్ పుట్టీ వాడండి. అసలు పుట్టీ అవసరం లేకుండా చేయడమే మేలు. జిగురు లేకుండా ముందు భాగాలన్నీ పెట్టి చూడండి. రెక్క మొదట్లో సందు కనిపిస్తే బాడీ రెండు సగాల మధ్య లోపల చిన్న ప్లాస్టిక్ పుల్ల అడ్డం పెట్టి కాస్త వెడల్పు చేస్తే సందు మూసుకుంటుంది. రెక్కలు రెండు వైపులా ఒకే ఎత్తులో పైకి లేచాయా అని ముందు నుంచి చూడండి. ఈ వాలు తప్పితే తర్వాత ఎంత బాగా పెయింట్ చేసినా విమానం కుంటుతున్నట్టే కనిపిస్తుంది.

ప్యానెల్ గీతల్లో నల్లటి వాష్ పోయాలా?

నలుపు వద్దు. కిట్ మీద గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. అసలు విమానం మీద అది 14 మిల్లీమీటర్ల సందు అవుతుంది. అంత సందుతో ఏ విమానమూ ఎగరదు. గీతలు అప్పటికే అసలుకన్నా చాలా రెట్లు పెద్దవి, వాటిని నలుపుతో నింపితే విమానం గళ్ళ గుడ్డలా తయారవుతుంది. బాడీ రంగుకన్నా రెండు మెట్లు ముదురైన గోధుమ బూడిద రంగు సరిపోతుంది. ఎయిలరాన్లు, తోక మీది ఎలివేటర్లు, రడ్డర్ కదిలే చోట మాత్రం నిజంగానే సందు ఉంటుంది, అక్కడ కాస్త ముదురుగా పోయండి. ఆ మూడింటికీ పైన గుడ్డ తొడుగు ఉండేది కాబట్టి వాటి మీద లోహం గీసుకుపోయిన మచ్చలు వేయకండి.

రివెట్ వీల్ (చుక్కలు గుచ్చే పళ్ళ చక్రం)తో రివెట్ వరుసలు వేయాలా అని కూడా అడుగుతుంటారు. నా అభిప్రాయంలో ఈ స్కేలులో వేయనక్కర్లేదు.

జీరో అసలు రంగు ఏమిటి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

మోడలర్లు ఎక్కువగా వాదించుకునే ప్రశ్న ఇదే, ఆ వాదనకు తగ్గ విషయమూ ఇందులో ఉంది. చాలా ఏళ్ళపాటు 1942 నాటి జీరోలను లేత బూడిద, కొందరైతే దాదాపు తెలుపు వేసేవాళ్ళు. నలుపు తెలుపు ఫోటోల్లో అలా కనిపించడమే కారణం. తర్వాత పెర్ల్ హార్బర్‌లో కూలిన విమానాల ముక్కల్ని పరిశీలిస్తే ఆ బూడిదలో గోధుమ, ఆకుపచ్చ ఛాయలు కనిపించాయి. 1942 నాటి జపాన్ నౌకాదళ సాంకేతిక నివేదిక కూడా జీరో రంగును కొద్దిగా పంచదార పాకం ఛాయ ఉన్న బూడిదగా చెబుతుంది. దాని ఆధారంగా కొందరు ఏకంగా గోధుమ రంగు వేసేశారు, అది అతి.

నేను చెప్పే పద్ధతి ఇది. తమియా ఎక్స్ఎఫ్-76తో మొదలుపెట్టండి. అది జీరోల కోసమే చేసిన ఆకుపచ్చ ఛాయ బూడిద. అందులో కొద్దిగా తెలుపు కలిపి, ఎండ తగిలే పైభాగాల మీద అక్కడక్కడా పల్చగా వేయండి. ఆ పెయింట్ ఎండకు, ఉప్పు గాలికి పైపైన సుద్దలా తెల్లబడేది. చిన్న మోడల్‌కి అసలు రంగు యథాతథంగా వేస్తే ముదురుగా కనిపిస్తుంది కూడా, కాబట్టి కాస్త లేతగా ఉన్నా తప్పులేదు.

కౌలింగ్‌ది అచ్చమైన నలుపు కాదు, నీలం కలిసిన నలుపు. మిస్టర్ కలర్ 125 దానికోసమే ఉంది. నలుపులో నాలుగైదు చుక్కలు నీలం కలిపినా సరిపోతుంది. ఎగ్జిబిషన్ టేబుల్ మీద జాగ్రత్తగా చేసిన జీరోను నేను ముందు కౌలింగ్ చూసే గుర్తుపడతాను.

మ్యూజియంలలో బాగుచేసిన విమానాల రంగును నమ్ముకోవద్దు. వాటిని చాలాసార్లు తిరిగి పెయింట్ చేశారు. ఆకారానికి, కాక్‌పిట్ డిటైల్‌కి మాత్రం అవి బంగారం. కాలిఫోర్నియాలోని చినోలో ఉన్న మోడల్ 52 అసలు సకాయె ఇంజన్‌తోనే ఎగురుతుంది. ఇంజన్ చుట్టుపక్కల ఏముందో చూడటానికి దాని ఫోటోలు వెతకండి.

పైన ముదురాకుపచ్చ రంగుతో మోడల్ 21 చేయవచ్చా?

చేయవచ్చు, కానీ కాలం మారుతుంది. 1943 మధ్య నుంచి పైభాగాలకు ఆకుపచ్చ వచ్చింది. నకజిమా కంపెనీ మోడల్ 21లను 1944 దాకా కట్టింది. తోక దగ్గర ఆకుపచ్చ, బూడిద కలిసే గీతను చూస్తే కంపెనీ తెలుస్తుంది. మిత్సుబిషి విమానాల్లో ఆ గీత తిన్నగా తోక చివరిదాకా వెళుతుంది, నకజిమావాటిలో వెనక తోకరెక్క వైపు పైకి వంపు తిరుగుతుంది. 1944 అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌లో 250 కిలోల బాంబుతో ఆత్మాహుతి దాడులకు పంపిన విమానాల్లో మోడల్ 21లు ఉన్నాయి. అలాంటి విమానం చేసేవాళ్ళు బూడిద రంగు వేయకూడదు.

వానాకాలంలో పెయింట్ తెల్లగా మసకబారుతోంది. ఎందుకు?

లాకర్ పెయింట్‌లోని థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి నీటి ఆవిరి పెయింట్ మీద చేరి తెల్లటి పొగలా నిలిచిపోతుంది. విశాఖ, చెన్నై లాంటి తీరప్రాంతాల్లో జూలై నుంచి నవంబర్ దాకా ఈ బాధ ఎక్కువ. నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలిపిన థిన్నర్ వాడండి, వాన వెలిసిన రోజు మధ్యాహ్నం వేయండి, కంప్రెసర్‌కి తేమ పట్టే ట్రాప్ తప్పనిసరి. ఇప్పటికే తెల్లబడి ఉంటే పొడిగా ఉన్న రోజున ఉత్త థిన్నర్‌ను పల్చగా స్ప్రే చేస్తే చాలాసార్లు పోతుంది. టెన్షన్ వద్దనుకుంటే నీటి ఆధారిత రంగులకు మారండి. డెకాల్ షీట్లను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో దాచండి, తేమకు అవి పాడవుతాయి.

లాకర్ వాడే గదిలో కిటికీ తెరిచి, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి. బట్ట మాస్క్ ఆ ఆవిరిని ఆపదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది ఇంకా ముఖ్యం.

కానపీ ఫ్రేములకు మాస్కింగ్ ఎలా? అంటించేటప్పుడు అద్దం పొగచూరినట్టవుతోంది.

సూపర్ గ్లూ ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. కానపీకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే వాడండి, ఎండాక కనిపించదు. అదనంగా అంటుకున్నది తడి బ్రష్‌తో తుడిస్తే పోతుంది.

ఫ్రేములు లెక్కకు మించి ఉన్నందువల్ల కత్తిరించిన రెడీమేడ్ మాస్కులు కొనడం మంచిది. టేప్‌తో చేసుకునేవాళ్ళు ప్రతి అద్దం అంచుల వెంబడి ముందు సన్న పట్టీలు అంటించి, మధ్య భాగాన్ని మాస్కింగ్ ద్రవంతో నింపండి. మొదట కాక్‌పిట్ లోపలి రంగు, ఎండాక బయటి రంగు వేస్తే ఫ్రేము లోపలి వైపు నుంచి చూసినా సరైన రంగే కనిపిస్తుంది.

ఎర్ర సూర్యుడి గుర్తు డెకాల్ పెట్టాలా, పెయింట్ చేయాలా?

బూడిద జీరోకి డెకాల్ చాలు, ముందు మెరిసే గ్లోస్ పూత వేసి, డెకాల్‌ను మెత్తబరిచే సెట్టింగ్ ద్రవంతో గీతల్లోకి దింపండి. ఎరుపు మరీ ప్రకాశంగా ఉంటే పైన పల్చగా బాడీ రంగు ఒక దఫా చల్లండి, అది విమానంలో కలిసిపోతుంది.

పెయింట్ ఊడిపోయి లోహం కనిపిస్తున్నట్టు చేయాలనుంది. ఎంత చేయాలి?

1942 మొదటి సగంలో ఓడ మీది జీరో చేస్తుంటే చాలా తక్కువ. ఆ విమానాల పూత గట్టిది, మెకానిక్‌లు వాటిని శ్రద్ధగా చూసుకునేవాళ్ళు. మనం ఫోటోల్లో చూసే పొలుసులు రాలిన జీరోలు ఎక్కువగా తర్వాతి ఏళ్ళ ఆకుపచ్చ విమానాలు, దక్షిణ పసిఫిక్ దీవుల ఎండలో, దుమ్ములో నెలల తరబడి నిలిచినవి. డిఐ-108కైతే కాక్‌పిట్ పక్కన పైలట్ కాలు మోపే చోట కాస్త అరుగుదల, ఎగ్జాస్ట్ వెనక బాడీ మీద మసి, కౌలింగ్ కింద ఆయిల్ చార చాలు. అంతకుమించి వెండి మచ్చలు చల్లితే ఆ విమానం కథకే విరుద్ధం.

చివరి చిన్న భాగాల్లో ఏవి మార్చుకుంటే ఫలితం ఎక్కువ?

ముందు గాలి వేగం కొలిచే పీటో గొట్టం. ఎడమ రెక్క ముందంచున పొడుచుకు వచ్చే ఆ పుల్ల కిట్‌లో మందంగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. ఇన్సులిన్ సూది మందం పావు మిల్లీమీటరు ఉంటుంది, అది కోసి పెడితే అచ్చంగా కుదురుతుంది. కోసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి.

మోడల్ 21 రెక్కల్లోని 20 మిల్లీమీటర్ల ఫిరంగుల గొట్టాలు బయటికి రావు. రెక్క అంచులో రంధ్రం మాత్రం వేయండి.

ఆంటెన్నా తీగకు సాగే సన్న దారం వాడితే చెయ్యి తగిలినా తెగదు. లేదా భాగాలు కత్తిరించాక మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది.

ప్రొపెల్లర్ బ్లేళ్ళు యుద్ధం మొదట్లో ముందువైపు మెరిసే లోహం, చివర్లో రెండు ఎర్ర గీతలు, వెనకవైపు ముదురు గోధుమ రంగు. ఎండ మెరుపు పైలట్ కళ్ళలో పడకుండా వెనకవైపు ఆ రంగు వేశారు. చక్రాల కాళ్ళు నలుపు.

రెక్కల కొసలు మడిచి చూపించవచ్చా?

ఓడ లిఫ్టులో పట్టడానికే ఆ మడత. మోడల్లో ఆ ముక్క 7 మిల్లీమీటర్లు. మడత గీత వెంబడి కత్తితో కాకుండా సన్న రంపపు బ్లేడుతో కోయండి, కోసిన రెండు ముఖాలకూ పల్చటి ప్లాస్టిక్ షీట్ అంటించి చదును చేయండి. కొస నిట్టనిలువుగా నిలబడేట్టు సన్న తీగ ముక్క లోపల దూర్చితే జిగురు మీదే భారం పడదు. ఓడ డెక్ మీద నిలిపిన విమానానికే ఇది నప్పుతుంది. కింద చెక్క డెక్ ముక్క లేకుండా కొసలు మడిచి పెడితే చూసేవాళ్ళకి ఎందుకలా ఉందో అర్థం కాదు. డెక్ చేసేటట్లయితే పలకల వరుసలు ఓడ పొడవు వెంబడి ఉండేలా పెట్టండి.